లెక్కపెట్టని మాత్రలు

2014 జనవరి, క్లీవ్‌లాండ్ శివార్లు. రెండు బెడ్రూముల అపార్ట్‌మెంట్‌లో నేనూ, ఇంజనీరింగ్‌లో నాతో చదివిన ఫ్రెండ్ ఒకడూ కలిసి ఉండేవాళ్ళం. పేరెందుకు లెండి, వాడు అంటే సరిపోతుంది. ఒక రాత్రి ఆఫీసు నుంచి వస్తూ పార్కింగ్ లాట్‌లో కంటికి ఆనని మంచు పొర మీద కాలు జారి పడ్డాడు. చీలమండ విరిగింది. ఆపరేషన్ చేసి, ప్లేటూ స్క్రూలూ బిగించి, మర్నాడు ఇంటికి పంపేశారు. మందుల కోసం ఫార్మసీకి వెళ్ళింది నేనే. నారింజ రంగు ప్లాస్టిక్ సీసా, తెల్ల మూత. లేబుల్ మీద వాడి పేరు, కింద ఆక్సీకోడోన్, నొప్పిగా ఉంటే ఆరు గంటలకొకటి, మొత్తం 60. ఆ లెక్కన పదిహేను రోజులైనా రావాలి.

రెండో చీటీ పట్టుకుని మళ్ళీ అదే కౌంటర్ దగ్గర నిలబడేసరికి పదిహేను రోజులు కాలేదు. ఆ సంగతి నాకు తోచింది. తోచింది, అంతే. ఎన్ని రోజులైందో వేళ్ళ మీద కూడా లెక్కపెట్టుకోలేదు. డాక్టర్ రాశాడు, ఇన్సూరెన్స్ ఒప్పుకుంది, నాకెందుకు?

ఆ తర్వాతి సంగతులు చాలామందికి తెలిసిన కథే. ఎముక అతుక్కుంది, మాత్రలు ఆగలేదు. డాక్టర్ రాయడం మానేశాక ఇంకెక్కడి నుంచో వచ్చేవి. రెంట్ ఆలస్యం, నా దగ్గర అప్పు, ఆఫీసులో వార్నింగు. వాళ్ళమ్మగారు ఒకరోజు నాకు ఫోన్ చేశారు. "బాబూ, వాడు సరిగ్గా మాట్లాడట్లేదు. ఒంట్లో బాగానే ఉందా?" అన్నారు. "బానే ఉన్నాడండీ ఆంటీ, ప్రాజెక్టు డెడ్‌లైను, అందుకే" అన్నాను. ఆగస్టులో లీజు అయిపోయింది. నేను సింగిల్ బెడ్రూమ్ ఒకటి చూసుకున్నాను. నాతో ఉండొద్దని వాడికి చెప్పలేదు. ఇద్దరం కలిసి చూద్దామనీ చెప్పలేదు. 2015లో వాడు ఇండియా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు నా మనసులో ఈ కేసు మూసేసి ఉంది. తీర్పు ఒక్క ముక్క: చేసుకున్నవాడికి చేసుకున్నంత. మన ఇళ్ళల్లో ఎంత తేలిగ్గా వాడే మాటో ఇది. తాగి లివర్ పోగొట్టుకున్న బాబాయి గురించి అంటాం, హెల్మెట్ లేకుండా పోయిన పక్కింటి కుర్రాడి గురించీ అంటాం. ఆ మాట అన్నాక ఇంకేమీ అడగక్కర్లేదు. అందులో ఉన్న సుఖం అదే.

మూసిన కేసు తెరుచుకోవడానికి నాలో వచ్చిన పరిపక్వత ఏమీ కారణం కాదు. వేరే ఏదో చదువుతూ ఇందులోకి జారాను. అమెరికాలో కాల్పుల వార్త వచ్చినప్పుడల్లా మన వాట్సాప్ గ్రూపుల్లో గంటసేపు వాదనలు నడుస్తాయి కదా. అలాంటి ఒక వాదనలో ఎవరికో జవాబిద్దామని గణాంకాలు వెతకబోయాను. ఇంత డేటా పిచ్చి ఉన్న దేశంలో తుపాకీ గాయాల గురించి మాత్రం డేటా అక్కడక్కడా చిరిగిపోయి కనపడింది. ఎందుకలా అని వెతుక్కుంటూ పోతే 1996 దగ్గర ఆగాను. ఆ ఏడాది రెండు విషయాలు జరిగాయి. ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. కానీ ఇప్పుడు నాకు రెండూ ఒకే కథలా కనపడుతున్నాయి.

మొదటిది, పర్డ్యూ ఫార్మా అనే కంపెనీ ఆక్సీకాంటిన్‌ని మార్కెట్లోకి తెచ్చింది. నేను మోసుకొచ్చిన సీసాలో ఉన్న మందే, నెమ్మదిగా విడుదలయ్యే రూపంలో. ఇలాంటి మందులకి అలవాటు పడేవాళ్ళు చాలా అరుదు అని డాక్టర్లకి నచ్చజెప్పడానికి అప్పట్లో తెగ తిప్పిన ఆధారాల్లో ఒకటి 1980 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక ఉత్తరం. పరిశోధనా వ్యాసం కాదు, సంపాదకుడికి ఉత్తరం. ఐదే వాక్యాలు. జేన్ పోర్టర్, హెర్షెల్ జిక్ రాశారు. హాస్పిటల్లో చేరి, కనీసం ఒకసారైనా ఈ రకం మందు తీసుకున్న 11,882 మంది రికార్డులు చూస్తే, అంతకుముందు ఏ వ్యసనమూ లేనివాళ్ళలో స్పష్టంగా అలవాటు పడినవాళ్ళు నలుగురే కనపడ్డారని దాని సారాంశం.

ఆ ఉత్తరంలో అబద్ధం లేదు. వాళ్ళు చూసింది హాస్పిటల్ మంచం మీద, నర్సు చేతి నుంచి మందు తీసుకున్నవాళ్ళని. సీసా ఇంటికి తెచ్చుకుని, తలుపేసుకుని, నెలల తరబడి మింగేవాళ్ళ గురించి అది ఏమీ చెప్పలేదు, చెప్తున్నాననీ అనలేదు. 2017లో కెనడా పరిశోధకులు కొందరు అదే జర్నల్‌లో ఇంకో ఉత్తరం రాశారు. పాత ఉత్తరాన్ని ఎవరెవరు ఎలా ఉటంకించారో లెక్కపెట్టారు. 608 సార్లు ఉటంకించారట. అందులో 72 శాతం అలవాటు అరుదు అనడానికి సాక్ష్యంగా. ఆ రోగులంతా హాస్పిటల్లో ఉన్నవాళ్ళే అనే ముక్కని 80 శాతం మంది వదిలేశారు. తన ఉత్తరాన్ని అలా వాడుకున్నందుకు సిగ్గుగా ఉందని జిక్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పుకున్నాడు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఇది బాగా తెలిసిన జబ్బు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఎవడో ఎప్పుడో ఇచ్చిన జవాబుని, దాని కింద ఉన్న షరతు చదవకుండా ఆరొందల ప్రాజెక్టుల్లో పేస్ట్ చేయడం. తేడా ఏమిటంటే మాకు సర్వర్ పడిపోతుంది.

రెండో సంగతికి మూడేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1993లో అదే న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో ఆర్థర్ కెలర్‌మన్ అనే ఎమర్జెన్సీ డాక్టరూ, ఆయన సహచరులూ ఒక అధ్యయనం ప్రచురించారు. మూడు కౌంటీల్లో ఇంట్లోనే హత్యకి గురైనవాళ్ళని తీసుకుని, అదే చుట్టుపక్కల ఉండే, అదే వయసు, అదే జాతి, అదే జెండర్ మనుషులతో పోల్చారు. ఆ మూడింటిలో ఒకటి కయహోగా కౌంటీ, అంటే క్లీవ్‌లాండ్ ఉన్నదే. దొంగల నుంచి రక్షణ కోసం ఇంట్లో తుపాకీ పెట్టుకుంటాం అని కదా నమ్మకం. తుపాకీ ఉన్న ఇంట్లో హత్య జరిగే అవకాశం 2.7 రెట్లు ఎక్కువని తేలింది. చంపినవాళ్ళు కూడా ఎక్కువగా ఇంటివాళ్ళో తెలిసినవాళ్ళో.

దీని మీద విమర్శలు ఉన్నాయి, కొన్ని సబబైనవే. ప్రాణభయం ఉన్నవాళ్ళే తుపాకీ కొనుక్కుంటారేమో, అప్పుడు ఏది కారణం, ఏది ఫలితం? మంచి ప్రశ్న. మంచి ప్రశ్నకి జవాబు ఇంకో అధ్యయనం, ఇంకా పెద్దది, ఇంకా జాగ్రత్తగా చేసింది. జరిగింది మాత్రం వేరు. ఈ పరిశోధనకి డబ్బిచ్చింది వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ. తుపాకుల వాళ్ళ సంఘం ఎన్‌ఆర్‌ఏ దాని మీద పడింది. 1996లో ఆర్కన్సా నుంచి వచ్చిన కాంగ్రెస్ సభ్యుడు జే డిక్కీ బడ్జెట్ బిల్లులో ఒక వాక్యం చేర్పించాడు. గాయాల నివారణకిచ్చే డబ్బుని తుపాకీ నియంత్రణని సమర్థించడానికో ప్రోత్సహించడానికో వాడకూడదు. దాంతో పాటు సీడీసీ బడ్జెట్లో 26 లక్షల డాలర్లు కోశారు. అంతకుముందు ఏడాది తుపాకీ పరిశోధనకి ఖర్చుపెట్టింది సరిగ్గా అంతే. ఆ డబ్బు తర్వాత తిరిగిచ్చారు కానీ తలగాయాల పరిశోధనకే వాడాలన్నారు.

ఆ వాక్యాన్ని మళ్ళీ చదవండి. పరిశోధన చేయొద్దని అందులో లేదు. ఎవరూ నిషేధించలేదు. అయినా ఇరవై ఏళ్ళకి పైగా సీడీసీ ఆ జోలికి దాదాపు వెళ్ళలేదు. ఏది పరిశోధన, ఏది సమర్థన అని ఎవరు తేలుస్తారు? తేల్చేవాడు బడ్జెట్ చేతిలో ఉన్నవాడైతే? ఒక సైంటిస్టుగా నీకు పిల్లలున్నారు, ఇంటి లోనుంది, కింద పదిమంది పని చేస్తున్నారు. వేరే టాపిక్ ఎంచుకుంటావు. అంతే. అందులో విలన్ ఎవరూ కనపడరు. 2017లో జామా పత్రికలో వచ్చిన ఒక లెక్క చూడండి: మిగతా మరణ కారణాలకి చనిపోయేవాళ్ళ సంఖ్యని బట్టి ఎంత డబ్బు అందుతోందో చూసి, అదే దామాషాలో తుపాకీ హింసకి ఎంత రావాలో అంచనా వేస్తే, నిజంగా వచ్చింది అందులో 1.6 శాతం.

2012లో, కొలరాడోలో సినిమా హాల్ కాల్పులు జరిగిన నెలలోనే, వాషింగ్టన్ పోస్ట్‌లో ఒక వ్యాసం వచ్చింది. రాసింది ఇద్దరు. ఒకరు మార్క్ రోజెన్‌బర్గ్, సీడీసీలో ఆ పరిశోధనని నడిపించిన డాక్టర్. రెండోవాడు జే డిక్కీ. ఒకప్పుడు కత్తులు నూరుకున్న ఇద్దరూ స్నేహితులయ్యారు. పరిశోధన మళ్ళీ జరగాలని కలిసి రాశారు. ఆ పని అప్పుడు ఆగకుండా ఉండాల్సిందని డిక్కీ తర్వాత కూడా చెప్పాడు. 2017లో పోయాడు. మరుసటి ఏడాది, ఆ వాక్యం పరిశోధనకి అడ్డు కాదని కాంగ్రెస్ వివరణ ఇచ్చింది. 2019 డిసెంబర్లో రెండున్నర కోట్ల డాలర్లు కేటాయించారు. మధ్యలో పోయిన ఇరవై మూడేళ్ళని ఎక్కడ నుంచి తెస్తారు?

ఇక్కడ నాకు రెండు కథలూ కలిసేది ఇలా. మాత్రల విషయంలో, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పారు. తుపాకుల విషయంలో, తెలుసుకోగలిగినదాన్ని తెలియకుండా ఉంచారు. 2021లో ఆ దేశంలో ఓవర్‌డోస్‌తో పోయినవాళ్ళు 1,06,699 మంది. తుపాకీతో పోయినవాళ్ళు 48,830 మంది.

ప్రజారోగ్యం వాళ్ళు ఈ రెండిటినీ చూసే చూపులో ఒక విచిత్రం ఉంది. మొదట్లో నాకు అది దాదాపు అనైతికం అనిపించింది. వాళ్ళు తుపాకీ హత్యని నేరం అనడానికి ముందు గాయం అంటారు. మత్తుమందు అలవాటుని తప్పు అనడానికి ముందు ప్రమాదం అంటారు. ఈ చూపు వచ్చింది కార్ల దగ్గర నుంచి. 1960ల దాకా రోడ్డు ప్రమాదం అంటే అమెరికాలో కూడా డ్రైవర్ తప్పే. విలియం హాడన్ అనే డాక్టర్, 1966లో కొత్తగా పెట్టిన జాతీయ రహదారి భద్రతా విభాగానికి మొదటి అధిపతి, ప్రశ్ననే మార్చేశాడు. ప్రమాదానికి ముందు, ప్రమాదం జరిగే క్షణంలో, ఆ తర్వాత ఏం జరుగుతోంది? ఆ మూడు దశల్లోనూ మనిషి, వాహనం, పరిసరం ఏం చేస్తున్నాయి? డ్రైవర్ తాగి ఉండొచ్చు. కానీ స్టీరింగ్ కడ్డీ గుండెలో ఎందుకు దిగింది? స్తంభం రోడ్డు అంచుకి అంత దగ్గరగా ఎందుకుంది? 1966లో పది కోట్ల మైళ్ళ ప్రయాణానికి ఐదుగురికి పైగా చనిపోయేవాళ్ళు. 2010లకి అది ఒకటి దగ్గరకి వచ్చింది. కార్లని ఎవరూ నిషేధించలేదు. డ్రైవర్లు దేవతలైపోలేదు. 1975 నుంచి ప్రతి రోడ్డు మరణాన్నీ వివరాలతో సహా ఒక జాతీయ రిజిస్టర్లో ఎక్కిస్తున్నారు. హింసాత్మక మరణాలకి అలాంటిది 2002లో ఆరు రాష్ట్రాలతో మొదలైంది. యాభై రాష్ట్రాలూ చేరేసరికి 2018.

మా ఉద్యోగాల్లో దీనికి ఒక పేరుంది, బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్. సిస్టమ్ కూలిపోయాక పెట్టుకునే మీటింగు. చేరి మూడు నెలలైన కుర్రాడొకడు మా టీమ్‌లో పొరపాటున అసలు డేటాబేస్‌లో ఒక టేబుల్ లేపేశాడు. రాత్రంతా జాగారం. మర్నాడు మీటింగ్‌లో మా మేనేజర్ అడిగింది "ఎవరు చేశారు" అని కాదు, "మూడు నెలల కుర్రాడు ఆ కమాండ్ కొడితే అది ఎందుకు పనిచేసింది" అని. ఆ రోజు ఎంత గొప్ప ప్రశ్న అనుకున్నానో! ఇంటికొచ్చి ఫ్రెండ్స్‌కి గర్వంగా చెప్పాను. అప్పటికి నా రూమ్మేట్ ఇండియా వెళ్ళి ఏడాదైంది. నాకు వాడు గుర్తు రాలేదు. ఒక డేటాబేస్‌కి ఇచ్చిన మర్యాద వాడికి ఇవ్వలేదని తట్టడానికి ఇంకో ఐదారేళ్ళు పట్టింది.

అయితే ఈ పోలికని ఎక్కువ దూరం లాగకూడదు. ఎవరి తప్పూ కాదు అనే మాట అందరికీ సమానంగా సరిపోదు. పర్డ్యూ వాళ్ళు 2007లో కోర్టులో నేరం ఒప్పుకున్నారు, మందు ప్రమాదాన్ని తక్కువ చేసి చూపించామని. 2020లో మళ్ళీ ఒప్పుకోవాల్సి వచ్చింది. వాళ్ళ మీటింగ్ కూడా బ్లేమ్‌లెస్‌గా పెడదామా? ఇక్కడ నేను చాలా రోజులు తడబడ్డాను. ఇప్పుడు నాకు సబబనిపిస్తున్నది ఇది. నింద ఉండకూడదని కాదు, అది వరసలో వెనక నిలబడాలి. ముందు లెక్క, తర్వాత నింద. లెక్క అయ్యాక నింద ఎవరి దగ్గరకి పోతుందో చూస్తే మనం మొదట వేలు చూపించినవాడి దగ్గర అది ఆగకపోవచ్చు. లెక్కని దాచినవాడి దగ్గరకో, తప్పుడు లెక్క అమ్మినవాడి దగ్గరకో పోతుంది. మందుకి బానిసైనవాడు తప్పు చేయలేదని నేను అనను. వాడు నా దగ్గర డబ్బు తీసుకుని అబద్ధం చెప్పాడు, అది తప్పే. కానీ ఆ తప్పు ఎంత చిన్నదో తెలియాలంటే మిగతావి పక్కన పెట్టి చూడాలి.

ఇంకో అభ్యంతరం మరీ ఇబ్బంది పెడుతుంది. ఈ దయగల చూపు ఎవరికి దొరుకుతుంది? 1986లో అమెరికా ఒక చట్టం చేసింది. 5 గ్రాముల క్రాక్ దొరికితే కనీసం ఐదేళ్ళ జైలు. అదే శిక్ష పడాలంటే పొడి కొకైన్ 500 గ్రాములుండాలి. రెండూ ఒకే మందు. క్రాక్ కేసుల్లో పట్టుబడిన వాళ్ళలో ఎక్కువమంది నల్లవాళ్ళు. 2010లో ఆ వందకి ఒకటి నిష్పత్తిని పద్దెనిమిదికి ఒకటి చేశారు, సమానం కూడా చేయలేదు. అదే మత్తు తెల్లవాళ్ళ చిన్న ఊళ్ళకి చేరాక భాష మారిపోయింది. నేరం జబ్బయింది. ఒహాయోలోని పోర్ట్స్‌మత్ ఊరి స్విమ్మింగ్ పూల్ పేరు పెట్టి సామ్ కినోనెస్ రాసిన డ్రీమ్‌లాండ్ చాలా మంచి పుస్తకం, నేను రెండుసార్లు చదివాను. కానీ క్రాక్ కాలం నాటి క్లీవ్‌లాండ్ తూర్పు వీధుల మీద అంత జాలితో రాసిన పుస్తకం ఏదని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. నిజానికి మన తెలుగువాళ్ళం అక్కడ ఇల్లు వెతుక్కునేటప్పుడు "అటు వద్దు, ఏరియా మంచిది కాదు" అని ఒకరికొకరం చెప్పుకునేది ఆ వీధుల గురించే. డ్రగ్స్ అంటే అటు వైపు ఉండేవని నా నమ్మకం. నా వంటగది అలమరలో, పసుపు డబ్బా పక్కన ఉన్న నారింజ సీసా నా కంటికి డ్రగ్‌గా ఆనలేదు.

అదే పోర్ట్స్‌మత్‌లో 2012లో మామూలు జనానికి నాలోక్సోన్ పంచడం మొదలుపెట్టారు. ఓవర్‌డోస్ అయి ఊపిరి ఆగిపోతున్నవాణ్ణి నిమిషాల్లో వెనక్కి తేగల మందు. దాని మీద వచ్చిన అభ్యంతరం మనకి కొత్తది కాదు. బతుకుతామని ధైర్యం ఉంటే ఇంకా వాడతారు కదా? ఇది మాట్లాడేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, నేనూ అలాగే ఆలోచించాను. కానీ ఆ వాదనకి అడుగున ఉన్న మాట ఒకసారి పైకి అని చూడండి: కొందరు చస్తేనే మిగతావాళ్ళకి బుద్ధి వస్తుంది. పైకి అనేసరికి నోరు రాదు. 2023లో దాన్ని చీటీ లేకుండా షాపుల్లో అమ్మడానికి అనుమతిచ్చారు. మా ఊరి లైబ్రరీలో ఇప్పుడు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కన దాని పెట్టె గోడకి ఉంటుంది. పిల్లలు కథల పుస్తకాలు తీసుకుని దాని ముందు నుంచే వెళ్తుంటారు.

తుపాకీ మరణాల్లో సగానికి పైగా హత్యలు కావు, ఆత్మహత్యలు. ఈ ముక్క తెలిసినప్పుడు నేను చదవడం ఆపేసి కాసేపు కూర్చున్నాను. సినిమాలు చూసి మన బుర్రలో ఉన్న బొమ్మ వేరు కదా. చావాలనుకున్నవాడు ఎలాగైనా చస్తాడు, చేతికి ఏది దొరికితే ఏముంది అనుకుంటాం. అది నిజం కాదని పరిశోధన చెప్తోంది. ఆ కోరిక చాలామందిలో నిమిషాల్లోనో గంటల్లోనో దాటిపోయే తుఫాను. ఆ క్షణంలో ప్రాణాంతకమైనది చేతికి అందకపోతే దాటేస్తారు. ప్రయత్నించి బతికినవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది ఆ తర్వాత ఆత్మహత్యతో పోలేదు. శ్రీలంక అత్యంత విషపూరితమైన పురుగుమందులని ఒక్కొక్కటిగా నిషేధిస్తూ పోయింది. 1995 నుంచి ఇరవై ఏళ్ళలో అక్కడ ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా తగ్గింది. వాళ్ళ కష్టాలు 70 శాతం తగ్గాయా? మధ్యలో యుద్ధం కూడా నడిచింది.

మాది పత్తి పండే ఊరు. పురుగుమందు డబ్బా వాకిట్లో, గడ్డపారల పక్కన ఉండేది. నాకు పదకొండేళ్ళప్పుడు మా వీధిలో ఒక అక్క వాళ్ళమ్మతో గొడవపడి పోయింది. గొడవ దేని గురించో కూడా ఎవరికీ సరిగ్గా గుర్తులేదు, అంత చిన్నది. ఊరంతా ఏడాది పాటు తల్లిని ఆడిపోసుకుంది. ఆ డబ్బా వాకిట్లో ఎందుకుందని, అంత విషం ఏ తాళమూ లేకుండా ప్రతి ఇంట్లో ఎందుకుందని ఒక్కరూ అడిగినట్టు నాకు గుర్తులేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ తల్లి మీద ఊరు చేసింది రెండో నేరం అనిపిస్తుంది. దాన్ని ఊరు న్యాయం అనుకుంది.

2017 జూలైలో హైదరాబాద్‌లో డ్రగ్స్ కేసు నడిచింది, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సినిమావాళ్ళని ఒక్కొక్కరినీ ఎక్సైజ్ సిట్ పిలిచి ప్రశ్నించింది. టీవీల్లో వాళ్ళ కార్ల వెనక కెమెరాలు పరిగెత్తాయి. నేను కూడా ఆఫీసులో ఒక ట్యాబ్ తెరుచుకుని చూశాను, దాచుకోవడం దేనికి. ఎవరు, ఎవరు, ఇంకెవరు. రెండేళ్ళ తర్వాత కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ డాక్టర్లు దేశమంతా సర్వే చేసి రిపోర్టు ఇచ్చారు. పదేళ్ళ నుంచి డెబ్భై అయిదేళ్ళ వయసు వాళ్ళలో సుమారు 2 శాతం మంది ఏదో ఒక రూపంలో నల్లమందు జాతి మందులు వాడుతున్నారని. ఆ రిపోర్టు గురించి నేను ఒక్క తెలుగు ఛానెల్లోనూ చర్చ చూడలేదు. అందులో పేర్లు లేవు కదా.

తెలుగులో లెక్కచేయడం అంటే గౌరవించడం, పట్టించుకోవడం. "నన్ను లెక్కే చేయడు" అంటాం. మనుషుల్ని అంకెలుగా మార్చేస్తున్నారని గణాంకాల మీద సాహిత్యం చదివేవాళ్ళకి ఉండే కోపం నాకు తెలుసు, కొంత నాలోనూ ఉంది. కానీ లెక్కలోకి రాకపోవడం అంకెగా మారడం కంటే చాలా ఘోరం.

మొన్న డిసెంబర్లో ఇండియా వచ్చినప్పుడు నిజాంపేటలో ఒక ఫ్రెండ్ గృహప్రవేశంలో వాడు కలిశాడు. పదేళ్ళ తర్వాత. కొంచెం కుంటుతున్నాడు, లావయ్యాడు, ఆరేళ్ళ కూతురుంది. భోజనాలయ్యాక టెర్రస్ మీదకి వెళ్ళాం. నేను ఈ చదివిందంతా, హాడన్‌తో సహా, ఏకరువు పెట్టాను. నా క్షమాపణని అలా ఫుట్‌నోట్లలో చుట్టి ఇవ్వబోయాననుకుంటా. వాడు విని నవ్వాడు.

"నువ్వు అప్పుడు అడిగుంటే ఏమయ్యేదో తెలుసా మామా? అబద్ధం చెప్పేవాణ్ణి. చాలా బాగా చెప్పేవాణ్ణి."

నాకు తేలికగా అనిపించాలి. అనిపించలేదు. కాసేపు కింద కార్లు రివర్స్ చేస్తున్న చప్పుడు వింటూ నిలబడ్డాం. తర్వాత వాడే అడిగాడు, మొదటి సీసాలో ఎన్ని ఉన్నాయో గుర్తుందా అని. అరవై అన్నాను.

"ఎన్ని రోజులొచ్చాయి?"

తెలియదన్నాను.

"తొమ్మిది" అన్నాడు. "మూతలో పోసుకుని రోజూ రాత్రి లెక్కపెట్టుకునేవాణ్ణి."